మరమ్మతా, మార్పిడియా?

"ఇది బాగుకాదు; క్రొత్తది కొనుడు." ఈ మాట నేడు మన పట్టణములలో ప్రతి అంగడియందును వినవచ్చుచున్నది. గడియారము నిలిచినను ఇదే మాట. పంకా తిరుగకున్నను ఇదే మాట. కంప్యూటరు తెర వెలుగకున్నను ఇదే మాట. రోగి నాడియైనను ముట్టక "ఇతడు బ్రతుకడు, తీసికొనిపొండు" అని చెప్పువానిని మనము వైద్యుడందుమా? అయినను యంత్రముల విషయమున ఇట్టి వైద్యులనే మనము నమ్ముచున్నాము. నమ్ముటయేగాక, వారికి పరీక్షా రుసుము చెల్లించి, నమస్కరించి, వారు చూపిన క్రొత్త సరకును మోసికొని ఇంటికి వచ్చుచున్నాము.

ఈ వ్యాసమునకు కారణమైన సంగతి చిన్నది. మా పట్టణ పఠనమందిరమున నాలుగు కంప్యూటర్లు కలవు. 2011లో ఒక దాత యిచ్చిన ధనముతో కొన్న పందొమ్మిది అంగుళముల మానిటర్లు వానికి నేటికిని తెరలు. ఉదయము తలుపు తీసినది మొదలు ఉద్యోగపరీక్షలకు దరఖాస్తులు పంపుకొను యువకులు, పింఛను కాగితములు చూపించుకొను వృద్ధులు, పరీక్షాఫలితముల కెదురుచూచు బాలికలు వాని ముందు వరుసకట్టి నిలుతురు. ఇంట కంప్యూటరు లేనివారికి ఇదియే కంప్యూటరు. గడచిన చలికాలమున వానిలో నొకటి మొరాయింప నారంభించెను. మొదట మీట నొక్కిన పది నిమిషములకుగాని వెలుగకుండెను. తరువాత క్రింది చిన్నదీపము మాత్రము మినుకుమినుకుమనుచు, తెర నల్లగా నుండిపోయెను. రెండవది మసకబారి, పసుపువన్నెకు తిరిగి, పగటివేళ అక్షరములు కనబడని స్థితికి వచ్చెను. మూడవదానిపై కుర్చీ పడి గాజు పగిలెను. నాలుగవది నిక్షేపముగా నున్నది.

కార్యనిర్వాహకసంఘము కూడెను. నాలుగింటిని పాతసామానువానికి తూచియిచ్చి, నాలుగు క్రొత్తవి కొనవలెనని ప్రతిపాదన వచ్చెను. ఒక్కొక్కటి ఏడువేల చొప్పున ఇరువదియెనిమిది వేల రూపాయలు. మందిరమున ఆ యేటికి గ్రంథములు కొనుటకై దాచిన సొమ్ము ముప్పదివేలు! అనగా ఆ సంవత్సరము పుస్తకము అన్నమాట మరచిపోవలయును. బాగుగా నున్న నాలుగవదానిని ఏల పారవేయవలెనని అడిగితిని. "నాలుగును ఒకే తీరుగా నుండిన చూపునకు బాగుండు"నని ఒక మిత్రుడు సెలవిచ్చెను. ఈ చూపునకు బాగుండుట యనునది మన సంఘములను ఎంతకాలమునుండి పీడించుచున్నదో చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. రెండు మాసముల గడువు కోరి, వెలుగని మానిటరును చంకనిడుకొని బయలుదేరితిని.

మొదట ఆ కంపెనీవారి అధికారిక సేవాకేంద్రమునకు పోతిని. చల్లని గది, మెత్తని కుర్చీ, చేతికొక చీటి. ఐదువందల రూపాయలు పరీక్షా రుసుమనిరి, ఇచ్చితిని. అరగంట తరువాత ఒక యువకుడు వచ్చి, "సర్, బోర్డు పోయింది. ఈ మోడల్ ఆపేశారు, బోర్డు రాదు. ఎక్స్ఛేంజి ఆఫర్ ఉంది, చూస్తారా?" అనెను. బోర్డులో ఏది పోయినదని అడిగితిని. "బోర్డు మొత్తం పోయింది సర్" అనెను. పెట్టె విప్పి చూచితిరా యనగా అతడు మాటాడలేదు. అతనిపై నాకు కోపము లేదు. అతనికి నేర్పబడినది మరమ్మతు కాదు, అమ్మకము.

పిమ్మట కూరగాయల బజారు వెనుక సందులో, ఒకప్పుడు రేడియోలును, తరువాత టెలివిజన్లును బాగుచేసి నేడు దేనినైనను బాగుచేయుచున్న ఒక మెకానిక్కు నొద్దకు పోతిని. అరువదియేండ్ల వాడు. నా కన్నుల ముందే వెనుక మూత ఊడదీసి, ఒక బోర్డును వెలుతురులో పట్టి, "ఏమీ కాలేదండీ ప్లీడరుగారూ, కండెన్సర్లు ఉబ్బినాయి, చూడండి" అని చూపెను. కెపాసిటర్లను మా ప్రాంతపు పాత మెకానిక్కులు నేటికిని కండెన్సర్లనియే యందురు. చిటికెనవ్రేలి కొనంత గొట్టములు మూడింటి నెత్తులు పూరీవలె పొంగియున్నవి. వానిని తీసి క్రొత్తవి మూడు అతికెను. సరకునకు ముప్పది, చేతిపనికి రెండువందలయేబది రూపాయలు. మొత్తము రెండువందలయెనుబది. మానిటరు నాటినుండి నేటివరకు రోజునకు ఎనిమిది గంటలు వెలుగుచున్నది.

ఇది అదృష్టము కాదు. ఇట్టి మానిటర్లకు వచ్చు అతి సాధారణమైన జబ్బు ఇదియే. ఈ కెపాసిటరులోపల ఒక ద్రవముండును. వేడికి అది క్రమముగా నారిపోవును, లేదా వాయువై పైమూతను పొంగించును. అప్పుడు బోర్డునకు నిలకడైన విద్యుత్తు అందక తెర వెలుగదు. 1999 మొదలు 2007 వరకు నాసి ద్రవముతో చేసిన కెపాసిటర్లు ప్రపంచమంతట కంప్యూటర్లలోను మానిటర్లలోను చేరి, లక్షలకొలది యంత్రములను అకాలమృత్యువు పాలుచేసినవి. దానికి కెపాసిటర్ల మహమ్మారి యని పేరు వచ్చెను. కాని మహమ్మారి లేని కాలమునను ఈ జబ్బు ఏల వచ్చుచున్నది? ఇచ్చట ఒక లెక్క చెప్పవలసియున్నది, చదువరులు ఓపికపట్టుదురుగాక.

కెపాసిటరు మీద దాని వేడి ఓర్పు ముద్రింపబడియుండును. చవుకదానిపై 85 డిగ్రీలని, కొంచెము ప్రియమైనదానిపై 105 డిగ్రీలని యుండును. సామాన్యముగా రెండును ఆ గరిష్ఠపు వేడిలో 2000 గంటలు పనిచేయుటకు చేసినవే. వేడి పది డిగ్రీలు తగ్గినకొలది ఆయువు రెట్టింపగునని ఇంజనీర్ల స్థూలసూత్రము. మానిటరు లోపల 65 డిగ్రీల వేడి యున్నదనుకొందము. అప్పుడు 85 డిగ్రీలది 8000 గంటలు, 105 డిగ్రీలది 32,000 గంటలు బ్రతుకును. రోజునకు ఎనిమిది గంటలు, ఏటికి మూడువందల దినములు వాడినచో మొదటిది మూడేండ్ల పైచిలుకు. రెండవది పదమూడేండ్ల పైచిలుకు! ఈ రెండింటికిని వెలలో భేదము రూపాయియో, రెండో. వేలకొలది రూపాయల యంత్రము యొక్క ఆయుర్దాయము ఒక రూపాయి దగ్గర నిర్ణయింపబడుచున్నది. ఆ నిర్ణయము చేయువాడు కొనువాడు కాడు. చేసినవానికి దాని ఫలము తెలియదందుమా? వారంటీ గడువు ఒక సంవత్సరమో, మూడు సంవత్సరములో యని వ్రాయునప్పుడు ఆ లెక్క వానియొద్ద లేకపోవునా?

ఇట్లని పాతదానినెల్ల కౌగిలించుకొనుమని నేను చెప్పుటలేదు. మరమ్మతు పేరిట మూఢభక్తియు ఒకటి కలదు; దానినిగూడ ఖండింపవలసినదే. మా మూడవ మానిటరు సంగతి చూడుడు. గాజు పగిలినది. మానిటరు వెలలో ప్రధానభాగము ఆ తెర పలకయే. అది చైనా, తైవాన్, కొరియా దేశముల మహాకర్మాగారములలో తయారగునది. చిల్లరగా దొరికినను క్రొత్త మానిటరు వెలకు దగ్గరగానే దొరకును. మెకానిక్కు దానిని చూచి, "దీని మీద పైసా పెట్టకండి" అని తిరిగి యిచ్చివేసెను. సేవాకేంద్రమువారు విప్పకుండ చెప్పిన మాటకును, ఇతడు చూచి చెప్పిన మాటకును గల భేదమును గుర్తింపవలయును. మసకబారిన రెండవదాని విషయము ఇంతకంటె చిక్కైనది. ఆ కాలపు తెరల వెనుక వెలుతురు నిచ్చునది సన్నని ఫ్లోరసెంటు గొట్టము. కొలదిగా పాదరసము గలది. ఏండ్లు గడచినకొలది క్షీణించును. దానిని తీసి ఎల్‌ఈడీ పట్టీ అమర్చువారు కలరు. కాని అందులకు తెర పలకనే విప్పవలయును, ధూళి చేరును, పదునైదువందలు వ్యయమగును, ఫలితమునకు పూచీ లేదు. దినమంతయు దానియెదుట కూర్చుండు బిడ్డల కన్నులమాట యేమని సంఘమున ఒక మిత్రుడు ప్రశ్నించెను. ఆ ప్రశ్న న్యాయమైనది. ఆ మానిటరును మార్చవలసినదేయని నేను అంగీకరించితిని.

మరియొక హెచ్చరిక. ఇది చదివి ఎవరును తామే మూత విప్పబోవకుందురుగాక. విద్యుత్తు తీగ ఊడదీసిన తరువాతను లోపలి పెద్ద కెపాసిటరులో మూడువందల వోల్టులకు పైబడిన శక్తి నిలిచియుండవచ్చును. గాజు గొట్టముల పాత మానిటర్లలో అంతకు ఎన్నోరెట్లుండును. ఇది పని నేర్చినవాని చేతిపని. నేర్చినవారు మన సందులలో ఉన్నారు. లేనిది మన ఆదరము.

అమ్మకందారులు చెప్పు వాదము మరియొకటి కలదు: క్రొత్తది కరెంటును ఆదాచేయుననునది. మంచిది, లెక్కింతము. పాతది 35 వాట్లు, క్రొత్తది 18 వాట్లు వాడుననుకొందము. రోజునకు ఎనిమిది గంటలు, మూడువందల దినములకు ఆదా అగునది నలుబది యూనిట్లు. యూనిటు ఎనిమిది రూపాయల చొప్పున ఏటికి మూడువందలయిరువది. ఏడువేల రూపాయల మానిటరు ఈ ఆదాతో తన వెలను తీర్చుకొనుటకు ఇరువది సంవత్సరములు దాటును! అంతవరకు అది బ్రతుకునా యనునది వారినే యడుగవలయును. పాత మానిటరునకు క్రొత్త కంప్యూటరుతో పొత్తు కుదరదనునది మరియొక వాదము. రెండుమూడు వందల రూపాయల కన్వర్టరుతో అది తీరిపోవును. ఇంతకంటె దానినిగూర్చి వ్రాయుట కాగితము దండుగ.

ఇంక పర్యావరణము పేరు చెప్పి క్రొత్తది కొనిపించువారున్నారు. తెర పలకల కర్మాగారములలో యంత్రములను శుద్ధిచేయుటకు వాడు నైట్రోజన్ ట్రైఫ్లోరైడు అను వాయువు, నూరేండ్ల లెక్కలో, బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 17,000 రెట్లు భూమిని వేడిచేయగలది. పాతదానిని పారవేసినంతనే లోకము శుభ్రపడదు. మరియొకటి ఎచ్చటనో తయారగును. పారవేసినది ఏమగుచున్నది? 2022వ సంవత్సరమున ప్రపంచమున పుట్టిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక 2024లో ప్రకటించెను. అందు సక్రమముగా సేకరింపబడి శుద్ధియైనట్లు ఆధారమున్నది నూటికి 22.3 వంతులు మాత్రమే. మిగిలినదాని గతి యెట్లుండునో ఢిల్లీలోని సీలంపూరు సందులు చెప్పును. అచ్చట తీగలను కాల్చి రాగిని, బోర్డులను ఆమ్లమున ముంచి లోహమును తీయుచున్నవారి చేతులను చూచినవారు, పాతసామానువానికి తూచియిచ్చుట పరిష్కారమని మరల అనజాలరు.

ఇప్పుడు ప్రభుత్వము మాట. 2022 నవంబరులో ప్రకటింపబడి, 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ చెత్త నియమములు ఉత్పత్తిదారునిపై బాధ్యత నుంచినవి. సంతోషము. కాని ఆ బాధ్యతను దేనితో కొలుచుచున్నారు? చెత్తను ఎంత పునశ్చక్రణము చేయించెననుదానితో. 2023–24లో నూటికి 60 వంతులు, 2025–26లో 70, 2027–28 నుండి 80 అని మెట్లు కట్టిరి. వస్తువు చెత్త కాకముందే దాని ఆయువును పెంచినవానికి ఈ మెట్లలో ప్రధానస్థానము లేదు. శవసంస్కారమునకు ఇన్ని నియమములు వ్రాసినవారు ఔషధమునకు ఎన్ని వ్రాసిరి? 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినమున, "రైట్ టు రిపేర్" పోర్టలు ప్రారంభింపబడెను. కంపెనీలు తమ సేవాకేంద్రముల వివరములను, వారంటీ షరతులను అందు చేర్చవచ్చును. పోర్టలు చట్టము కాదు. విడిభాగము ఈయనివానిని పోర్టలు ఏమి చేయగలదు? న్యాయవాదిగా చెప్పుచున్నాను: పట్టుకొనుటకు పిడి లేని కత్తి అది.

చట్టము చేయరానిదా? ఐరోపా సమాఖ్య చేసినది. 2021 మార్చి 1 నుండి అచ్చట అమ్ముడగు టెలివిజన్లకును, కంప్యూటరు మానిటర్లకును, లోపలి విద్యుత్ సరఫరా భాగమును, పెద్ద కెపాసిటర్లను, కనెక్టర్లను, ఆ నమూనాలో చివరిది విపణికి వచ్చిన పిదప కనీసము ఏడేండ్లవరకు వృత్తి మరమ్మతుదారులకు అందుబాటులో నుంచవలయును; కోరిన పదునైదు పనిదినములలో పంపవలయును. ఆ జాబితాలో కెపాసిటరు పేరుండుటను చదువరులు గమనింతురుగాక. తెర పలక అందు చేరలేదు. ఆ చట్టమును సంపూర్ణమని నేను పొగడను. కాని నాకు "బోర్డు రాదు" అన్న మాట అచ్చటి వృత్తి మరమ్మతుదారునితో ఆ ఏడేండ్లలో చట్టవిరుద్ధము కాకుండ అనజాలరు. ఒకే వ్యాపారులు పడమట ఒక నీతిని, తూర్పున ఒక నీతిని ఏల పాటింతురు? మనము అడుగలేదు గనుక.

మన దేశమున ఈ సూత్రము పూర్తిగా క్రొత్తదియు కాదు. స్వతంత్ర మెకానిక్కులకు విడిభాగములను, రోగనిర్ణయ పరికరములను ఈయక తొక్కిపట్టిరన్న అభియోగముపై, 2014 ఆగష్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 మోటారుకారు కంపెనీలపై మొత్తము 2,544 కోట్లకు మించిన జరిమానా విధించెను. దానిపై అప్పీళ్లు నడిచినవి. ఆ కథ దీర్ఘము. అయినను విడిభాగమును దాచుట వ్యాపారస్వేచ్ఛ కాదని, అది అధికార దుర్వినియోగమని మన న్యాయవేదికయే చెప్పినది. కారునకు వర్తించు న్యాయము తెరకు వర్తింపదా? 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషను తలుపు తెరచియేయున్నది. ఐదు లక్షల రూపాయలవరకు చెల్లించిన వస్తువునకు ఫిర్యాదు రుసుము లేదు. కారణము పుట్టిన రెండేండ్లలోపల వేయవలయును. వకీలు లేకయే వాదించుకొనవచ్చును. (నా వృత్తిబంధువులు నన్ను క్షమింతురుగాక.) విప్పకుండ పరీక్షించి రుసుము గైకొనుట సేవాలోపము కాదా యని ప్రతి జిల్లాలో పదిమంది అడిగినచో, ఆ చల్లని గదులలో గూడ స్క్రూడ్రైవరు కనబడును.

మనలోని లోపమును దాచి పరులను దూషించుట నాకు సమ్మతము కాదు. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినవారు పుస్తకవిద్య ప్రక్కనే వడ్రంగమును, నేతను కూర్చుండబెట్టిరి. చేతిపని చేయువాడు చదువుకొన్నవానికి తక్కువకాడని వారి విశ్వాసము. మనము ఆ మహనీయుల చిత్రపటములకు దండలు వేయుచు, సందులోని మెకానిక్కుతో ముప్పది రూపాయలకు బేరమాడుచున్నాము. చల్లని గదిలో విప్పకుండ చూచినందులకు ఐదువందలు కిమ్మనక ఇచ్చిన నేనే, ఇతడు మూడువందలడుగగా రెండువందలయేబదికి దించితిని. ఇంటికి వచ్చిన తరువాత సిగ్గు కలిగినది. అతని కుమారుడు ఈ పని నేర్వలేదు. పట్నమున ఒక గిడ్డంగిలో క్రొత్త పెట్టెలు మోయుచున్నాడట. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోను, చెన్నై రిచీ వీధిలోను నేటికిని విడిభాగములు చిల్లరకు దొరకుచున్నవి. చిన్న పట్టణములలో వానిని అతుకగల చేయి మాత్రము అరుదగుచున్నది.

వచ్చు ఆదివారము మా సంఘము మరల కూడును. నా ప్రతిపాదన యిది: బాగైన మొదటిదానిని, ఎన్నడును చెడని నాలుగవదానిని అట్లే యుంచుట, రెండింటిని మాత్రమే క్రొత్తవి కొనుట, పగిలినదానిని, మసకబారినదానిని తూకమునకు వేయక, ప్రభుత్వమున నమోదైన పునశ్చక్రణదారునకు పంపి రసీదు పొందుట. సేవాకేంద్రపు ఐదువందలు నా సొంతము. క్రొత్తవానికి పదునాలుగువేలు, మరమ్మతునకు రెండువందలయెనుబది పోగా, గ్రంథములకు పదునైదువేల యేడువందలయిరువది రూపాయలు మిగులును. క్రొత్తవి అమ్ముటకు ముందుకువచ్చిన ముగ్గురు వర్తకులకు నేను వేరువేరుగా లేఖలు వ్రాసి ఒక్కటే ప్రశ్న అడిగితిని: ఈ నమూనాకు విద్యుత్ బోర్డు ఎన్ని యేండ్లవరకు దొరకునో కాగితముమీద వ్రాసి సంతకము చేయుదురా? వెల, రాయితీ, ఇంటికి చేరవేయుట మొదలగువానినిగూర్చి ముగ్గురును మరునాడే ఫోను చేసిరి. ఆ ప్రశ్నకు మాత్రము ఇంతవరకు ఒక్కరును ప్రత్యుత్తర మీయలేదు.